కోళ్లకు వేసే మందు.. మనకు పనిచేయకుండా పోతోందా?

మూత్రంలో మంట అని డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఐదు రోజులు మాత్రలు మింగినా తగ్గదు. కల్చర్ టెస్టు చేయిస్తే, ఆ మందుకు బ్యాక్టీరియా లొంగదని రిపోర్టు వస్తుంది. ఇలాంటి మొండి బ్యాక్టీరియా తయారయ్యే చోట్లలో కోళ్ల ఫారం ఒకటి.

ఫారంలో ఏం జరుగుతోంది?

బ్రాయిలర్ కోడి దాదాపు ఆరు వారాల్లో అమ్మకానికి వస్తుంది. ఒకే షెడ్డులో వేల కోళ్లు ఉంటాయి కాబట్టి, జబ్బు రాకముందే దాణాలోనో నీళ్లలోనో యాంటీబయాటిక్ కలిపేవాళ్లున్నారు. తొందరగా బరువు పెరుగుతాయనీ కలుపుతారు. ఆ కొద్దిపాటి మందుకు బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది. తట్టుకున్నది మిగిలి, పెరిగిపోతుంది. తట్టుకునే జన్యువును వేరే రకం బ్యాక్టీరియాకూ అందిస్తుంది.

పంజాబ్‌లో 18 ఫారాలపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. పెన్సిలిన్ తరహా మందులను విరిచేసే ఎంజైమ్ ఉన్న ఈ.కొలై బ్యాక్టీరియా బ్రాయిలర్ ఫారాల్లో 87 శాతం, గుడ్ల ఫారాల్లో 42 శాతం కనిపించింది.

ఏ మందూ పనిచేయనప్పుడు ఐసీయూలో వాడే ఆఖరి మందు కొలిస్టిన్. దాన్నీ కోళ్లకు వేసేవారు. 2019 జులైలో కేంద్ర ప్రభుత్వం పశువులు, కోళ్లు, చేపల పెంపకంలో దాన్ని నిషేధించింది.

అయితే చికెన్ మానేయాలా?

అక్కర్లేదు. మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా వేడికి చస్తుంది. ప్రమాదమంతా వండకముందే. ఈ బ్యాక్టీరియా కోడి పేగుల్లో ఉంటుంది, కోసేటప్పుడు మాంసానికి అంటుతుంది. హలాల్ షాపులో తెచ్చినా ఈ జాగ్రత్తలు తప్పవు:

- చికెన్‌ను కుళాయి ధార కింద కడగొద్దు, తుంపరలు చుట్టూ పడతాయి. కడగాలనుకుంటే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడగండి. తర్వాత సింకునూ, చేతులనూ సబ్బుతో కడుక్కోండి.
- చికెన్ కోసిన కత్తితో, పలకతో ఉల్లిపాయలు, కీరా కోయొద్దు.
- కచ్చీ బిర్యానీకి మసాలా పట్టించిన గిన్నెలో, కడగకుండా రైతా కలపొద్దు.
- ఫ్రిజ్‌లో పచ్చి చికెన్‌ను మూతపెట్టి కింది అరలో ఉంచండి.
- ముక్క లోపల ఎర్రగా లేకుండా ఉడికించండి.

ఇంకో మాట. తప్పంతా ఫారాలదే కాదు. జలుబుకు కూడా మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకుంటే, ఆ మొండి బ్యాక్టీరియాను మన ఒంట్లో మనమే పెంచుకున్నట్టు. డాక్టర్ రాస్తేనే వాడండి, రాసినన్ని రోజులూ వాడండి.