పొగ ముక్కుకి... సీసం నోటికి!

ఫిబ్రవరి వచ్చిందంటే హన్మకొండ, కాజీపేటల్లోని అద్దె గదుల్లో ఓ వాసన మొదలవుతుంది. కాస్త సాంబ్రాణిలా, కాస్త కాలిన ప్లాస్టిక్‌లా... ప్రాజెక్టు గడువు దగ్గరపడి ఇంజినీరింగ్ కుర్రాళ్లు సోల్డరింగ్ మొదలుపెట్టారన్నమాట! 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ (2002 నుంచి నిట్) ఉన్న ఊరికి ఇది కొత్తేం కాదు. కాకపోతే ఆర్డువినో కిట్లు వచ్చాక హైస్కూలు పిల్లలూ ఇంట్లోనే ఐరన్ పట్టుకుంటున్నారు. ల్యాబులో అయితే పక్కన సార్ ఉంటారు. ఇంట్లో ఎవరుంటారు?

మా తమ్ముడు పాలిటెక్నిక్ చదివేటప్పుడు గాలికి అతుకు చల్లారిపోతోందని ఫ్యాన్ ఆపేసేవాడు. కిటికీ కూడా మూసేసి, బోర్డు మీదికి వంగిపోయేవాడు. 'అరేయ్, ఆ సీసం పొగ పీల్చకురా' అని అమ్మ వంటింట్లోంచి అరిచేది. వాడేమో కుడిచేత్తో ఐరన్ పట్టుకుని, ఎడమచేత్తో సకినాలు తింటుండేవాడు. అమ్మ భయం పొగ గురించే. సకినాల సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

పొగలో ఏముంది?

నిజానికి ఆ పొగలో సీసం దాదాపు ఉండదు. మామూలు సోల్డర్ తీగలో 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. అది 190 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఐరన్ మొన వేడి 350 డిగ్రీల దాకా ఉంటుంది. సీసం ఆవిరి కావాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. మరి పొగ ఎక్కడిది? తీగ లోపల ఉండే ఫ్లక్స్‌ది. పైన్ చెట్ల బంక నుంచి తీసే రోజిన్ అది. కళాయి వేసేవాళ్లు నవాసాగరం చల్లగానే గుప్పున తెల్లటి పొగ లేచేది గుర్తుందా? అక్కడా ఇక్కడా పని ఒకటే... లోహం మీది మైల తీసి అతుకు పట్టేలా చేయడం.

సీసం లేదు కదా అని పీల్చేయకూడదు. రోజిన్ పొగ ఉబ్బసం తెప్పిస్తుందని వైద్యులు ఎప్పుడో తేల్చారు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం పొగకే ఆయాసం వస్తుంది. ఇప్పటికే ఉబ్బసం ఉన్నవాళ్లు దీనికి దూరంగా ఉండటమే మంచిది. ఐరోపాలో 2006 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసంపై ఆంక్షలున్నాయి. అలాంటి సీసం లేని తీగ ఇక్కడా దొరుకుతుంది. కానీ దానికీ ఫ్లక్స్ ఉంటుంది, వేడి ఇంకాస్త ఎక్కువే కావాలి. కాబట్టి పొగ తప్పదు!

మరేం చేయాలి? బల్లని కిటికీ పక్కకి జరపండి. తల బోర్డుకి సరిగ్గా పైన కాకుండా కాస్త పక్కకి ఉండాలి. పొగ నిట్టనిలువునా లేస్తుంది మరి. పాత కంప్యూటర్లోని చిన్న ఫ్యాన్ దొరికితే బోర్డుకి జానెడు దూరంలో, పొగని మీవైపు నుంచి లాగి కిటికీ వైపు వదిలేలా పెట్టండి. దూరం పెరిగితే అది లాగలేదు. సీలింగ్ ఫ్యాన్ పొగని గదంతా తిప్పుతుందే తప్ప బయటికి పంపదు. గుడ్డ మాస్కు ఈ పొగని ఆపలేదు.

అసలు సీసం ఎక్కడ?

వేళ్ల మీద! తీగ పట్టుకున్న చేత్తోనే తింటే నేరుగా కడుపులోకి పోతుంది. తీగని పళ్ల మధ్య పట్టుకునేవాళ్లనీ చూశాను. ఎదిగే పిల్లల మెదడుకి సీసం కొద్దిగా చేరినా ప్రమాదమే. గర్భిణులకూ అంతే. అందుకే అన్నం తినే బల్ల మీద ఈ పని వద్దు. పాకే పిల్లలున్న ఇంట్లో అయితే మరీ జాగ్రత్త. కింద రాలిన ముక్కల్ని చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని విడిగా ఉంచండి. లేచాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నీళ్లతో తడిపితే సరిపోదు.

ఇక ఐరన్ సంగతి. కొత్తవాళ్లకి 25 వాట్లది చాలు. దానికో స్టాండు ఉండాలి. కింద న్యూస్‌పేపర్ పరవడం చాలామందికి అలవాటు... మా పత్రికైనా సరే, వద్దు! పాత ఫ్లోర్ టైల్ వేసుకోండి. ఐరన్ జారితే పట్టుకోబోకండి, పడనివ్వండి. కాలితే టూత్‌పేస్టూ సిరా పూయకుండా 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. కత్తిరించిన తీగ ముక్కలు కంట్లోకి ఎగురుతాయి కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి.

తమ్ముడికిప్పుడు ఉద్యోగం వచ్చినా సెలవుల్లో ఐరన్ వదల్లేదు. బల్ల మాత్రం కిటికీ దగ్గరికి మారింది. చేతులు కడుక్కుని వచ్చేదాకా సకినాల డబ్బా మూత అమ్మ తీయదు.