సంతకం పెట్టే ముందు...

"మెడ దగ్గర నరంలోంచి గుండెలోకి గొట్టం వేయాలమ్మా, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు డాక్టరుగారు. నా చేతిలో పెన్ను వణికింది. మావారు ఊళ్ళో లేరు. లోపల ఐ.సి.యు.లో అత్తయ్య.

రెండ్రోజులుగా నీరసం, వికారం అంటూనే ఉన్నారావిడ. గ్యాసేలే అని సోడా పట్టించాను. తీరా చూస్తే గుండెపోటు! మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంట్ వేశారు. అయినా బి.పి. నిలవలేదు. కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. 'కార్డియోజెనిక్ షాక్' అన్నారు. అంటే, ఒంటికి చాలినంత రక్తాన్ని గుండె తోడలేకపోవడం. ఆస్పత్రికి చేరినా 100 మందిలో 40 మంది దాకా దక్కరట.

"గొట్టం వేస్తే తగ్గుతుందాండీ?" అన్నాను.

"అది వైద్యం చేయదమ్మా, లెక్క చెబుతుంది. ఆ లెక్కను బట్టి మందులు సరిచేసుకుంటాం."

సంతకం పెట్టేశాను. తెలుసుకున్నదంతా ఆ తర్వాతే.

అమెరికాలో జెరెమీ స్వాన్, విలియం గాంజ్ అనే డాక్టర్లు 1970లో దీన్ని లోకానికి పరిచయం చేశారు. సముద్రం మీద తెరచాప పడవను చూసినప్పుడు స్వాన్‌కి ఈ ఆలోచన తట్టిందట. గొట్టం చివర చిన్న బుడగ ఉంటుంది. రక్తప్రవాహమే దాన్ని ఊపిరితిత్తుల ధమని దాకా మోసుకుపోతుంది.

దీనిమీద వాదనలూ తక్కువేం కాదు. గొట్టం వేసినవాళ్ళలోనే మరణాలు ఎక్కువని 1996లో ఒక అధ్యయనం చెప్పింది. 2005లో 433 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులను చీట్లు తీసినట్టు రెండు జట్లు చేసి చూస్తే, లాభం కనిపించలేదు. అయితే వాళ్ళు షాక్‌లో ఉన్నవాళ్ళు కారు. షాక్ రోగుల్లో మాత్రం, పూర్తి కొలతలు తీసుకున్నవారు ఎక్కువమంది బతికారని ఈమధ్య పరిశీలనలు చెబుతున్నాయి. కానీ చేయి తిరిగిన డాక్టర్లున్న చోటే గొట్టమూ వేస్తారు కదా! ఘనత దేనిదో తేల్చడం కష్టం. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, గుండె లయ తప్పడం లాంటి ప్రమాదాలూ ఉన్నాయి.

అందుకే సంతకానికి ముందు మూడు మాటలు అడగండి: ఆ కొలత చూసి వైద్యంలో ఏం మారుస్తారు? ఎన్నాళ్ళు ఉంచుతారు? ఇక్కడ తరచూ వేస్తుంటారా?

అత్తయ్య ఇంటికొచ్చారు. వరండాలో కూర్చుని చిక్కుళ్ళు తుంచుతున్నారు. గొట్టం వల్లా, స్టెంట్ వల్లా? నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఇంట్లో ఆడవాళ్ళు కారణం లేని నీరసం, దవడనొప్పి, ఆయాసం అంటే, సోడా సీసా తీయకండి. ముందు ఇ.సి.జి. తీయించండి.