పాఠశాల ముంగిలి – దాని పునరుద్ధారణము

ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమని పెద్దలందురు. పాఠశాలను గూర్చియు నట్లే చెప్పవచ్చును. ద్వారము దాటి లోనికి వచ్చువారి కంట మొదట బడునది మన విద్యార్థుల మార్కుల పట్టిక గాదు, మన ముంగిలియే. కొన్ని యేండ్లుగా మన ముంగిలి వేసవిని దుమ్ముతోను, వానకాలమున బురదతోను, అన్ని కాలములందును కలుపుతోను నిండి యుండెను. ఈ సంవత్సరము దానిని బాగుచేయ బూనుకొంటిమి. ఏమి చేసితిమో, ఏల చేసితిమో విద్యార్థులకును వారి తలిదండ్రులకును దెలుపుట మా విధి యని యెంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇందలి పద్ధతులు ఇండ్ల ముంగిళ్లకును చెల్లును.

పని మొదలిడక పూర్వమే యొక ప్రశ్న పుట్టెను. ముంగిలి యంతయు సిమెంటు బిళ్లలతో గప్పివేసినచో బురద యుండదు, కలుపు మొలవదు, పాములు దాగుటకు చోటుండదు అని కొందరు తలిదండ్రులు సూచించిరి. వారి భయము నిష్కారణమైనది కాదు. చిన్నపిల్లలు వానకాలమున జారిపడుట మేమును చూచితిమి. అయినను ఆ సూచనను పూర్తిగా నంగీకరింపలేకపోతిమి. అందులకు కారణములు మూడు.

మొదటిది నీరు. మన ముంగిలి పొడవు 30 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు. అనగా వైశాల్యము 600 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. కావున 50 మిల్లీమీటర్ల వాన కురిసిన దినమున మన ముంగిలిపై బడు నీరు 30,000 లీటర్లు. నేల వదులుగా నున్నచో నిందు చాల భాగము భూమిలోనికి ఇంకును. సిమెంటు పరచినచో నదియంతయు వీధికాలువ పాలగును. వేసవిలో బావి అడుగంటినదని వగచువారు వానకాలపు నీటిని వీధికి దోలుట న్యాయమా?

రెండవది వేడి. మే మాసపు మధ్యాహ్నమున సిమెంటు నేల కాలు మోపనీయదు. పగలెల్ల గ్రహించిన వేడిని రాత్రియు విడుచుచుండును. చెట్టునీడనున్న మన్ను అట్లు కాగదు.

మూడవది ముంగిలి నడుమ నున్న వేపచెట్టు. చెట్టునకు ఆహారమును గొనివచ్చు సన్నని వేళ్లలో చాల భాగము పైనున్న రెండు మూడడుగుల మన్నులోనే యుండును. అవి కొమ్మల నీడను దాటి కూడ వ్యాపించును. వానికి నీరును గాలియు రెండును కావలయును. మొదలు వరకు సిమెంటు పరచినను, మొదలు చుట్టు మన్ను ఎత్తుగా బోసినను ఆ వేళ్లు ఊపిరాడక నశించును. చెట్టు వెంటనే పడిపోదు; కొన్ని యేండ్లకు కొనకొమ్మలు ఎండనారంభించును. అప్పటికి కారణమును జనులు మరచియుందురు.

కావున మధ్యమార్గము నవలంబించితిమి. ద్వారము మొదలు వరండా వరకు రెండు మీటర్ల వెడల్పున ఇసుకపై ఇటుకలు పరపించితిమి. వాని నడుమ సున్నముగాని సిమెంటుగాని వేయలేదు. సందులగుండ నీరు దిగును, పిల్లల కాళ్లకు బురద యంటదు. తక్కిన నేలను నేలగానే యుంచితిమి. పాముల మాట కూడ మరువలేదు. అవి చేరునది ఎలుకలున్న చోట, రాళ్లగుట్టలును చెత్తకుప్పలును ఉన్న చోట. గోడ ప్రక్కనున్న పాత ఇటుకల గుట్టను ముందుగా తీసివేయించితిమి.

పాడుపడిన ముంగిలిని బాగుచేయువారిలో పెక్కుమంది మొదట పూలమొక్కలను దెత్తురు. ఇది తలక్రిందులైన పద్ధతి. మొదట నీరు పోవు త్రోవ, పిదప కలుపు, ఆ పిమ్మట మన్ను, తరువాత చెట్లు, చివరకు పువ్వులు. ఇదియే సరియైన వరుస. మంచి వాన కురియునప్పుడు గొడుగు పట్టుకొని నిలిచి నీరెటు పారుచున్నదో చూచినచో, పల్లము ఎక్కడనో, ఇంకుడు గుంట ఎక్కడ త్రవ్వవలయునో నేలయే చెప్పును.

మన కలుపులలో వయ్యారిభామ మిక్కిలి చెడ్డది. ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములనుండి వచ్చినది. 1955 ప్రాంతమున పూనాలో కనిపించి దేశమంతట వ్యాపించెను. ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తనములను రాల్చును. దీని స్పర్శచే కొందరికి చర్మముపై దద్దురులును, పుప్పొడిచే కొందరికి ఉబ్బసమును కలుగును. కావున ఈ పనికి పిల్లలను నియోగింపక, పెద్దలే చేతులకు తొడుగులు ధరించి, పూతకు రాకమునుపే, నేల తడిగా నున్నప్పుడు వేళ్లతో పెరికివేసిరి. తుంగ మాట వేరు. పైగడ్డిని పెరికిన లాభములేదు. క్రిందనున్న గడ్డలను త్రవ్వి తీయవలయును.

ఏండ్ల తరబడి కాళ్లక్రింద నలిగిన నేల రాతివలె గట్టిపడును. వేపవేళ్లకు దూరముగా నొక అడుగు లోతున త్రవ్వి, బాగుగా మాగిన పశువుల యెరువును గలిపితిమి. రాలిన ఆకులను కాల్చుట మానితిమి. అవి యొక గుంటలో కుళ్లి యెరువగుచున్నవి.

చెట్లకై మే మాసముననే మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంటలు త్రవ్వి ఎండనిచ్చి, తొలకరి వానల పిదప నాటితిమి. గోడవెంట కానుగ, పొగడ చెట్లను పెట్టితిమి. రెండును మన నేలకు అలవాటుపడినవి, చిక్కని నీడ నిచ్చునవి. తురాయి పూలు మనోహరములే గాని దాని కొమ్మలు పెళుసు. పిల్లలు కూర్చుండు చోటికి తగదు. త్వరగా పెరుగునని పలువురు నాటు కోనోకార్పస్ చెట్టును గుజరాతు ప్రభుత్వము 2023లో నిషేధించెను. గన్నేరు, పచ్చగన్నేరు ప్రాణాపాయకరమైన విషము గలవి. బాలురు తిరుగు చోట నెన్నడును నాటరాదు. కంచెకు గోరింటను, నేలకు గరికను, పూలకు మందార, నూరువరహాలు, కనకాంబరములను ఎన్నుకొంటిమి.

గోదావరి మండలమందలి కడియము మొక్కల తోటలు దేశమంతట పేరొందినవి. ఎచ్చట కొన్నను ఎత్తును చూచి మోసపోరాదు. సంచిలో వేళ్లు చుట్టుకొనిపోయిన పొడవు మొక్కకంటె చురుకైన చిన్నమొక్క మేలు.

మొదటి మానవునికి దేవుడప్పగించిన పని తోటపనియే యని ఆదికాండము దెలుపుచున్నది. 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన మిషనెరీ విలియం కేరీ దొర శ్రీరాంపురమున గొప్ప తోటను పెంచెను. 1820లో వ్యవసాయోద్యాన సంఘమును స్థాపించెను. మన సామర్లకోటలో మొక్కలను పెంచి పరిశోధించిన రాక్స్‌బర్గు దొర వ్రాసిన వృక్షగ్రంథమును అచ్చువేయించినదియు ఆయనయే. 1823లో వరద తన తోటను పాడుచేయగా ఆయన మరల నాటనారంభించెను. మన విద్యార్థులు గ్రహింపవలసిన గుణమిదియే. నాటుట ఒక దినపు పని. కాపాడుట అనుదినపు పని.

ఇప్పుడు ఒక్కొక్క తరగతికి రెండేసి పాదులు అప్పగింపబడినవి. చేతులు కడిగిన నీరు అరటికిని మెట్టతామరకును పోవుచున్నది. తొట్లలోను డబ్బాలలోను నిలిచిన నీటిని ప్రతి శనివారము పారబోయుచున్నారు. ఏలయన వారము పదిదినములలో దోమ గ్రుడ్డు దోమయగును.

ఒక్క చిక్కు మిగిలియున్నది. వేసవి సెలవులలో బడి మూయబడును. లేత చెట్లకు నీరు మిక్కిలి అవసరమగునది అప్పుడే. ఒక్కొక్క చెట్టునకు వారమునకు రెండుమార్లు, మారునకొక పెద్ద బిందెడు నీరు చాలును. మొదటి రెండు వేసవులు గడచినచో కానుగయు పొగడయు తమంతట నిలువగలవు. సమీప వీధులలో నివసించు విద్యార్థులును తలిదండ్రులును వంతులవారీగా ఈ భారమును వహింపగోరుచున్నాము. పేర్లు వ్రాయు పుస్తకము వరండాలో బల్లపై నుంచబడినది.