కేకు నందించువారి దుస్తులు

వంట శుచిగా నుండవలెనని యెల్లరు నెరుగుదురు. ఆ వంటను పరుల యింటికి మోసికొని పోవువారును శుచిగా కనబడవలెనని తలచువారు కొలదిమంది. నేడు మన పట్టణములలో ననేక గృహిణులు ఇంటిలోనే కేకులు చేసి యమ్మి కుటుంబమునకు తోడ్పడుచున్నారు. వానిని కొనువారి యిండ్లకు చేర్చు పని తరచుగా ఇంటి పిల్లలదే యగుచున్నది. కావున నీ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

కేకు కొనువారు దానిని చేసిన వంటయింటిని చూడరు. గిన్నె లెట్లు కడిగిరో యెరుగరు. వారి కన్నుల బడునది తలుపు నొద్ద నిలిచిన మనుష్యు డొక్కడే. అతని చేతులను, గోళ్లను, చొక్కాను చూచి వారు వంటయింటిని ఊహించుకొందురు. ఒకప్పుడు మా యింట పుట్టినరోజునకు తెప్పించిన కేకును, పిండి మరకల ఏప్రనుతో, చెమట కారుచున్న ముఖముతో నొక బాలుడు తెచ్చెను. కేకు మిక్కిలి రుచిగా నున్నది. అయినను మా నాయనమ్మగారు దానిని ముట్టలేదు. మరుసటి పండుగకు ఆ యింటికి కబురు పోలేదు. రాత్రి మేలుకొని కేకు చేసిన తల్లి శ్రమకు ఆ ఏప్రనే అడ్డు వచ్చెను గదా యని మేము చింతించితిమి.

వంటయింటి ఏప్రను వంటయింటనే యుండవలెను. దానితో వీధిలోనికి పోయినచో వీధి దుమ్ము మరల పిండి పాత్ర నొద్దకు వచ్చును. బయలుదేరుటకు ముందు చేతులు కడిగికొని ఉతికిన నూలు చొక్కా తొడుగవలెను. పైటకొంగు, చున్నీ కొసలు దోపుకొననిచో, వంగినపుడు క్రీము పూవులపై బడి వానిని చెరచును. 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము ననుసరించి 2011లో వెలువడిన నిబంధనలును, ఆహారమును ముట్టు పనివారు శుభ్రమైన వస్త్రములు ధరింపవలెననియు, ఉంగరములు, గాజులు, గడియారములు ధరింపరాదనియు చెప్పుచున్నవి.

పెద్ద పెట్టెను రెండు చేతుల పట్టినపుడు కాలి క్రింది మెట్టు కనబడదు. కావున జారని, మడమను బిగించి పట్టు చెప్పులు వలయును. వెన్నయు క్రీమును చుట్టునున్న వాసనలను సులభముగా పీల్చుకొనును. కావున ఘాటైన అత్తరు తగదు. వేసవిలో విజయవాడ యెండ 40 డిగ్రీలు దాటుట కలదు. వెన్న సుమారు 35 డిగ్రీలకే కరగును. అందుచే కేకును చల్లగా నుంచుటకు అందరు జాగ్రత్తపడుదురు గాని, మోయువాని చెమటను మరతురు. ఒక తువాలు వెంట నుండవలెను. హెల్మెట్టుతోనే తలుపు తట్టక, దానిని తీసి, తల దువ్వుకొని, ముఖమును చేతులను తుడుచుకొని, పిమ్మట పిలువవలెను.

బొంబాయిలో 1890 ప్రాంతమున మొదలైన డబ్బావాలాల వృత్తి ప్రసిద్ధమైనది. వారి తెల్లని టోపీని చూచినంతనే నగరవాసులు వారిని గుర్తింతురు. ఆ టోపీ వెల స్వల్పము. దానివలన గలుగు నమ్మకము గొప్పది.

మేము ఖరీదైన వస్త్రములను కోరుట లేదు. రెండు చొక్కాలు చాలును: ఒకటి తొడుగుటకు, ఒకటి ఉతికి ఆరవేయుటకు. విద్యార్థులారా! మీ తల్లి చేతి శుభ్రతకు పరుల గుమ్మమున మీరే సాక్షులు. ఆ సాక్ష్యము నిర్మలముగా నుండునట్లు చూచుకొనుడు.