ఖాళీ గడి సున్నా కాదు: వర్షపాత పట్టికలపై మాక్రో

కొల్లాపూర్ అనగానే మామిడి తోటలు గుర్తుకు వస్తాయి. అయితే అక్కడి వర్షాధార పత్తి రైతును వానాకాలంలో వేధించే ప్రశ్న వేరు: వాన కురిసి ఎన్ని రోజులైంది? భారత వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం 2.5 మి.మీ. లేదా అంతకు మించి కురిసిన రోజే వర్షపు దినం. అంతకు తక్కువ కురిసిన రోజులను వరుసగా లెక్కిస్తే బెట్ట నిడివి తేలుతుంది.

కొల్లాపూర్, పెద్దకొత్తపల్లి, కోడేరు మండలాలకు 1991 నుంచి 2020 వరకు రోజుకొక వరుస చొప్పున పట్టిక వేస్తే మండలానికి 10,958, మొత్తం 32,874 వరుసలవుతాయి. చేతితో లెక్కించే పని కాదు. ఎక్సెల్ మాక్రోలోని ‘ఫర్–నెక్స్ట్’ ఆవృత్తి ఒక్కొక్క వరుసనే చదువుతూ, వాన లేని రోజున లెక్కకు ఒకటి కలుపుతుంది; వర్షపు దినాన లెక్కను సున్నాకు తెస్తుంది. వరుస సంఖ్యను ‘ఇంటిజర్’గా ప్రకటిస్తే 32,767 దాటగానే మాక్రో ఓవర్‌ఫ్లో దోషంతో ఆగిపోతుంది. ‘లాంగ్’గా ప్రకటిస్తే సరి. ఆగి చెప్పే తప్పు గనుక దీనితో ప్రమాదం లేదు.

ప్రమాదమంతా ఆగకుండా సాగిపోయే తప్పులోనే ఉంది. వర్షమాపకం పనిచేయని రోజున గడిని ఖాళీగా వదిలేయడం పరిపాటి. ఆ గడిని 2.5తో పోల్చినప్పుడు మాక్రో దానిని సున్నాగా తీసుకుంటుంది. కొలవని రోజు కాస్తా కురవని రోజవుతుంది. ఐదేసి రోజుల రెండు బెట్టల మధ్య జోరువాన పడిన రోజే ఖాళీగా ఉన్నదనుకుందాం. మాక్రో పదకొండు రోజుల బెట్టను చూపుతుంది. నడుస్తున్న సీజనులో ఇలా జరిగితే, తేమ ఉన్న పొలానికి పైపాటు ఎరువు ఆపమనే సలహా వెళ్తుంది. గడిలో ‘కొలవలేదు’ అని అక్షరాల్లో రాసి ఉంటే మాక్రో ఆగి ఉండేదే!

‘ఈజ్‌న్యూమరిక్’ పరీక్ష పెట్టినంత మాత్రాన నిశ్చింత లేదు. ఖాళీ గడికి కూడా అది ‘అవును’ అనే చెబుతుంది. ముందుగా ‘ఈజ్‌ఎంప్టీ’తో వడకట్టి, ఖాళీ వచ్చిన చోట లెక్కను ముగించి, ఆ బెట్టను ‘అసంపూర్ణం’గా వేరే నిలువు వరుసలో గుర్తించాలి.

మండలం మారిన చోటా లెక్క ముగియాలి. లేకుంటే కొల్లాపూర్ 2020 డిసెంబరు పొడి రోజులు పెద్దకొత్తపల్లి 1991 జనవరితో కలిసిపోతాయి. పూర్తి పట్టికపై నడిపే ముందు, ఒక ఖాళీ గడి, ఒక మండలపు హద్దు ఉన్న ఇరవై వరుసలను చేతితో లెక్కించి మాక్రో ఫలితంతో సరిచూడాలి.