మంచుబాటలు - పొలముల యజమానులు

శ్రోతలలో పలువురు మంచు కప్పిన నేలను చిత్రములందే చూచియుందురు. వానకాలమున వాగు పొంగి దారి తెగిన పల్లె మనకు క్రొత్త కాదు. కెనడాలోని పల్లెలకు ఒకప్పుడు అట్టి తెగుదల నెలల తరబడి యుండెడిది.

క్విబెక్ రాష్ట్రమున వాల్కూర్ అను ఊరిలో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అను యంత్రకారుడు మంచుపై నడచు బండికై యౌవనమునుండియు ప్రయోగములు చేయుచుండెను. 1934 శీతకాలమున ఆయన రెండేండ్ల కుమారునికి కడుపులో తీవ్రమైన వ్యాధి సోకెను. దారులన్నియు మంచుతో మూసికొనిపోగా, ఆసుపత్రికి చేర్చు సాధనము లేక ఆ బిడ్డ మరణించెను. 1937లో ఆయన పండ్లచక్రముతో తిరుగు పట్టాకు పేటెంటు పొంది, ఏడుగురు కూర్చుండు బండిని నిర్మించెను. 1959లో స్కీ-డూ అను చిన్నబండి వెలువడెను. ముందు స్కీలు, వెనుక రబ్బరు పట్టా, నడుమ మోటారుసైకిలుపై వలె కూర్చుండు ఆసనము. అవసరమునకు పుట్టిన బండి క్రమముగా వినోదమునకు వచ్చినది.

అయితే బండి యున్నంత మాత్రమున చాలదు. పలు బండ్లు ఒకే త్రోవను పోయినచో మంచు గుట్టలు గుట్టలుగా లేచి, నడుము విరుగునట్లు కుదుపును. బాట కావలెను, దానిని కాపాడువారును కావలెను. అమెరికాలోని వర్మాంట్ రాష్ట్రమున ఈ భారము ఊరూర వెలసిన స్నోమొబైల్ క్లబ్బులది. 1967లో ఏర్పడిన రాష్ట్ర సంఘము వాని నన్నిటిని కలుపుచున్నది. బాటపై బండి నడుపగోరువాడు ముందుగా ఏదేని స్థానిక క్లబ్బులో చేరి, బాటల పోషణకు రుసుము చెల్లింపవలెను.

పని యంతయు మంచు కురియక ముందే మొదలగును. శరదృతువున సభ్యులు సెలవుదినములందు జీతము లేకయే పడిన కొమ్మలు నరికి, కాలువలపై చిన్న వంతెనలు బాగుచేసి, గుర్తుపలకలు పాతుదురు. మంచు పడిన పిమ్మట పెద్ద యంత్రము వెనుక బరువైన చట్రమును కట్టి గుట్టలను కోసి, నలిపి, అణచుదురు. ఇది తరచు రాత్రివేళ చేయుదురు. చలికి మంచు గట్టిపడును, రాకపోకలును తక్కువ. తెల్లవారి ఆ నున్నని బాటపై దూసుకొనిపోవు యువకునికి రాత్రి మేల్కొన్నవాని ముఖమైనను తెలియదు.

మాకు మిక్కిలి విశేషముగ తోచినది వేరొకటి. వర్మాంట్ బాటలలో నూటికి సుమారు 80 పాళ్లు ప్రైవేటు భూములపై నున్నవి. రైతు అనుమతించెను గనుకనే బాట యున్నది. ఒకడు త్రోవ దాటి లేతచెట్లను తొక్కినను, అర్ధరాత్రి ఇంటిముందు మోత పెట్టినను, ఆ యజమాని గేటు మూయవచ్చును. ఆ ఒక్క పొలముతో రెండు ఊళ్ల నడుమ బాట తెగును. చుట్టుత్రోవకు మరల అందరి గడపలు తొక్కవలెను. ఈ నడుమ శీతకాలములు వెచ్చబడి మంచుకు బదులు వాన కురియు దినములు హెచ్చుచుండగా, పలుచని మంచుపై నేలను చెఱపకుండుట మఱింత కష్టమైనది.

వసంతమున బాటలు మూసిన వెనుక సభ్యులు మరల పొలములకు వచ్చి, సేద్యమునకు అడ్డుగానున్న గుర్తుకఱ్ఱలను పెఱికి తీసికొనిపోవుదురు.