ఒకే మాంద్యం – రెండు దారులు

‘రంగం పోయిన’ తాతల మాట మీలో ఉత్తరాంధ్ర వారు ఇంట్లో వినే ఉంటారు. రంగం అంటే బర్మాలోని రంగూను. అక్కడి రేవులో బరువులు మోసినవారిలో చాలామంది తెలుగు కూలీలే. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేశారు. కాంట్రాక్టర్లు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె ముగియగానే వారిని తీసివేశారు. మే 26న అల్లర్లు చెలరేగి, వందమందికి పైగా మరణించారు. కూలి నిర్ణయించినది కాంట్రాక్టర్లు. కొట్టుకున్నది మాత్రం కూలీలూ కూలీలూ. ఈ విషయం గుర్తుంచుకొని ముందుకు చదవండి.

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ల మార్కెట్ కుప్పకూలింది. సరుకు ఉంది, కొనేవారి చేతిలో డబ్బు లేదు. కర్మాగారాలు మూతపడ్డాయి, పని పోయినవారు ఇంకా తక్కువ కొన్నారు. దీనినే ఆర్థిక మాంద్యం అంటారు. మన డెల్టా జిల్లాలలోనూ ధాన్యం ధర బాగా పడిపోయింది. రైతు కట్టవలసిన అప్పు మాత్రం తగ్గలేదు.

జర్మనీలో 1932 నాటికి నిరుద్యోగులు సుమారు 60 లక్షలు. 1928లో 2.6 శాతం ఓట్లు పొందిన నాజీ పార్టీకి 1932 జూలైలో 37 శాతం వచ్చాయి. మీ కష్టాలకు యూదులే కారణమని హిట్లర్ చెప్పాడు. ఆకలితో ఉన్నవారికి కారణం వెతకడం కంటే శత్రువును చూడడం సులభం. 1933 జనవరి 30న అతడు ఛాన్సలర్ అయ్యాడు.

అదే సంవత్సరం మార్చి 4న రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్షుడయ్యాడు. అక్కడ నలుగురు కార్మికులలో ఒకరికి పని లేదు. అతడి సంస్కరణలకు ‘న్యూడీల్’ అని పేరు. బ్యాంకు డిపాజిట్లకు బీమా, 1935లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చాయి. ప్రభుత్వ పనుల పథకం ఒక్కటే మొత్తం మీద సుమారు 85 లక్షల మందికి పని ఇచ్చింది. పింఛను చట్టం పొలం కూలీలను, ఇంటి పనివారిని వదిలివేసింది. నల్లజాతి కార్మికులలో ఎక్కువమంది ఈ పనులలోనే ఉండేవారు. ఈ లోపాన్ని దాచనవసరం లేదు.

హిట్లర్ కూడా రోడ్లు వేయించాడు కదా, మరి తేడా ఏమిటని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. 1935లో సుప్రీంకోర్టు రూజ్‌వెల్ట్ తెచ్చిన పరిశ్రమల చట్టాన్ని కొట్టివేసింది. అతడు ఆ తీర్పుకు లోబడ్డాడు. 1937లో జడ్జీల సంఖ్య పెంచాలని చూస్తే కాంగ్రెస్ ఒప్పుకోలేదు. జర్మనీలో 1933లోనే కార్మిక సంఘాలు, ఇతర పార్టీలు రద్దయ్యాయి. అడ్డు చెప్పేవారు లేకపోగా డబ్బు ఆయుధాల వైపు మళ్లింది. 1939లో యుద్ధం వచ్చింది.

1941 డిసెంబరు 23న జర్మనీ మిత్రదేశమైన జపాను రంగూనుపై బాంబులు వేసింది. లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి అస్సాం వైపు నడిచారు. వేలమంది దారిలోనే మరణించారు.